దేశాల సంగతులు మనకెందుకు?

(రేడియో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



డిగ్రీ పూర్తిచేసిన ఆడపిల్ల బి.ఇడి. చేస్తానంటే మనకు అర్థమవుతుంది. బ్యాంకు పరీక్షలు రాస్తానంటే సంతోషిస్తాం. కంప్యూటరు కోర్సంటే ఇక చెప్పనే అక్కర్లేదు, పక్కింటికి వెళ్ళి మరీ చెప్పి వస్తాం. అదే పిల్ల వచ్చి, ‘‘అమ్మా, అంతర్జాతీయ వ్యవహారాలూ, మానవ భద్రతా విషయాలుగా తీసుకుని ఎమ్మే చదువుతాను’’ అంటే మాత్రం ఒక్క నిమిషం మనకు నోట మాట రాదు. ‘‘అదేం చదువే? అది చదివితే ఏమవుతారు?’’ అంటాం. వంటింట్లోంచి అమ్మమ్మగారు, ‘‘దేశాల గొడవలు మనకెందుకే, ఇంట్లో గొడవలు చాలవూ!’’ అంటారు.

అమ్మమ్మగారి మాట తేలిగ్గా తీసిపారేయవలసింది కాదు సుమండీ! దేశాల గొడవలకూ ఇంటి గొడవలకూ సంబంధం ఏమిటి? దేశం భద్రంగా ఉంటే ఇల్లు కూడా భద్రంగా ఉన్నట్టేనా? మానవ భద్రత అనే చదువు పుట్టిందే ఈ ప్రశ్నల్లోంచి. కాబట్టి ఈ వేళ దాన్ని గురించి కాస్త వివరంగా చెప్పుకుందాం. మీ ఇంట్లో ఇలాంటి చదువు మీద మనసు పడ్డ పిల్లలుంటే మీకు పనికివస్తుంది. మీకే చదవాలని ఉంటే మరీ మంచిది.

ముందు అంతర్జాతీయ వ్యవహారాలంటే ఏమిటో చూద్దాం. మొదటి ప్రపంచ యుద్ధంలో లక్షలకొద్దీ జనం మడిసిపోయాక, అసలు దేశాలు ఎందుకు కొట్టుకుంటాయి, కొట్టుకోకుండా ఉండాలంటే ఏం చేయాలి అని పండితులు పద్ధతిగా ఆలోచించడం మొదలుపెట్టారు. 1919లో బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో, ఆబరిస్ట్విత్ అనే చిన్న ఊరి కళాశాలలో, ఈ విషయానికి మొట్టమొదటి ఆచార్య పదవిని ఏర్పాటుచేశారు. మన దేశంలో 1955లో ఢిల్లీలో ఇండియన్ స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్ అనే సంస్థ వచ్చింది. అది 1970లో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో కలిసింది. కలకత్తాలోని జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో 1956 నుంచీ ఈ శాఖ ఉంది. అంటే మన పిల్లలు చదువుతామంటున్నది నిన్నగాక మొన్న పుట్టిన చదువేమీ కాదన్నమాట.

అయితే చాలాకాలం ఈ చదువులో భద్రత అనే మాటకు ఒక్కటే అర్థం ఉండేది. సరిహద్దు, సైన్యం, ఆయుధాలు, ఒడంబడికలు. దేశం చుట్టూ గోడ గట్టిగా ఉందా లేదా అన్నదే ప్రశ్న. గోడ లోపల ఉన్నవాళ్ళు తిన్నారా, పడుకున్నారా, ప్రాణాలతో లేచారా అన్నది వేరే శాఖవాళ్ళు చూసుకోవాల్సిన సంగతి.

ఈ పద్ధతిని మార్చిన ఘనతలో పెద్ద వాటా మహబూబుల్ హక్ అనే ఆర్థికవేత్తది. ఆయన 1934లో పుట్టారు. దేశ విభజన తర్వాత పాకిస్తాన్ పౌరులై, 1980లలో ఆ దేశానికి ఆర్థికమంత్రిగా కూడా పనిచేశారు. మన అమర్త్యసేన్‌గారికి కేంబ్రిడ్జిలో చదువుకునే రోజుల నుంచీ స్నేహితులు. 1990 నుంచి ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం తరఫున ఏటా వచ్చే మానవాభివృద్ధి నివేదికను మొదలుపెట్టింది ఆయనే. అందులో 1994 నాటి నివేదిక మానవ భద్రత అనే మాటను ప్రపంచం ముందు పెట్టింది. భద్రత అనేది దేశపటం మీది గీతలకే సరిపోదనీ, ఆ గీతల మధ్య బతికే మనిషికి కావాలనీ దాని సారాంశం.

ఆ నివేదిక మనిషి భద్రతను ఏడు భాగాలు చేసింది. ఇప్పటికీ ఈ ఎమ్మేలో చేరిన పిల్లలు మొదట నేర్చుకునేది ఈ ఏడే. మనకు తెలిసిన మాటల్లో చెప్పుకుంటే ఇలా ఉంటాయి.

ఒకటి, ఆర్థిక భద్రత. వచ్చే నెల కూడా ఇంటికి డబ్బు వస్తుందన్న ధీమా. రెండు, ఆహార భద్రత. బజార్లో బియ్యం ఉండడం ఒక్కటే చాలదు, అవి మన డబ్బాలోకి రావాలి. మూడు, ఆరోగ్య భద్రత. జబ్బు చేస్తే వైద్యం అందాలి, వైద్యానికి ఇల్లు తాకట్టుకు పోకూడదు. నాలుగు, పర్యావరణ భద్రత. తాగే నీరు, పీల్చే గాలి, మీదికి వచ్చే తుపాను, కరువు. అయిదు, వ్యక్తిగత భద్రత. వీధిలో దొంగ నుంచీ, పోలీసు లాఠీ నుంచీ, ఇంట్లో లేచే చెయ్యి నుంచీ కూడా రక్షణ. ఆరు, సమూహ భద్రత. ఫలానా కులమనో, మతమనో, తెగ అనో మనిషిమీద పడకుండా ఉండడం. ఏడు, రాజకీయ భద్రత. నోరు తెరిచి మాట్లాడితే జైల్లో వేస్తారన్న భయం లేకపోవడం.

ఈ జాబితా వింటుంటే, ‘‘ఇందులో మాకు తెలియనిదేముంది?’’ అనిపిస్తుంది మీకు. నిజమే. నెలాఖరున పప్పు డబ్బా అడుగు చూసుకున్న ప్రతి ఇల్లాలికీ మొదటి మూడూ కంఠతా వచ్చు. మనకు తెలిసిన ఈ సంగతుల్నే లెక్కకట్టి, కారణాలు వెదికి, ప్రభుత్వాలను నిలదీసి అడిగే విధానం నేర్పేదే ఈ చదువు.

ఎలా నేర్పుతారో ఒకటి రెండు ఉదాహరణలు చెబుతాను.

1943లో బెంగాల్ కరువు సంగతి మీరు వినే ఉంటారు. దాదాపు ముప్ఫై లక్షలమంది చనిపోయారని అంచనా. పంట పోయింది, తిండి లేదు, జనం చచ్చిపోయారు అనే అందరూ అనుకున్నారు. అప్పటికి పదేళ్ళ పిల్లవాడుగా ఆ దృశ్యాలను కళ్ళారా చూసిన అమర్త్యసేన్‌గారు, పెద్దయ్యాక లెక్కలు తీసి చూశారు. 1941లో కంటే 1943లో బెంగాల్లో ధాన్యం ఎక్కువే ఉన్నట్టు తేలింది! మరి 1941లో రాని కరువు 1943లో ఎందుకు వచ్చింది? యుద్ధకాలపు ఖర్చువల్ల ధరలు ఆకాశానికి ఎక్కాయి. వ్యవసాయ కూలీలకూ, చేపలు పట్టేవాళ్ళకూ, చిన్న చేతిపనుల వాళ్ళకూ రాబడి మాత్రం పెరగలేదు. ధాన్యం కొట్లలో ఉంది, కొనే శక్తి చేతిలో లేదు. 1981లో ఆయన ఈ సంగతి గ్రంథంగా రాశారు. అప్పటినుంచీ కరువుల గురించి ఆలోచించే పద్ధతే మారిపోయింది. ఊళ్ళో ఎంత ధాన్యం ఉందని మాత్రమే అడిగితే చాలదు, ఎవరి చేతికి అందుతోందని కూడా అడగాలి.

ఇదే ప్రశ్నను మన ఇంట్లోకి తెచ్చుకోండి. గిన్నెలో కూర అందరికీ సరిపడానే వండుతాం. చివర కూర్చునేది ఎవరు? గిన్నె అడుగున మిగిలేదెంత? 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. గోదాముల్లో ధాన్యం నిండుగా ఉన్న దేశంలో సంగతి ఇది. దీనికి తిండి ఒక్కటే కారణం కాకపోవచ్చు, కాని తిండి పెద్ద కారణమే. అదే సర్వేలో, 18 నుంచి 49 ఏళ్ళ లోపు వివాహిత స్త్రీలలో నూటికి 29 మంది భర్త చేతిలో ఎప్పుడో ఒకప్పుడు హింసకు గురైనట్టు చెప్పారు. సరిహద్దులో ఒక్క తుపాకీ పేలకపోయినా వీళ్ళకు భద్రత లేదు. మానవ భద్రత అనే మాట లేకపోతే ఈ స్త్రీలు ఏ రక్షణ శాఖ లెక్కలోకీ రారు.

రెండో ఉదాహరణ తుపాను. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి ఉప్పెన వచ్చింది. పదివేలమంది దాకా చనిపోయారు. ఆ పేరు చెబితే కృష్ణా జిల్లాలో పెద్దవాళ్ళకు ఈ నాటికీ కళ్ళు చెమరుస్తాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని చితకగొట్టింది. ఆ రెండు తుపానులూ సమానమైనవి కావు, నిజమే. అయినా ఈసారి మరణాలు పదుల్లోనే ఆగాయంటే, ఆకాశంలో ఉపగ్రహాలు కనిపెట్టి చెప్పడంవల్లా, లక్షమందికి పైగా జనాన్ని ముందే సురక్షిత ప్రాంతాలకు చేర్చడంవల్లా.

బాగానే ఉంది. అక్కడితో ప్రశ్న అయిపోలేదు. 1991లో బంగ్లాదేశ్‌లో వచ్చిన తుపానులో లక్షమందికి పైగా చనిపోయారు. ఆ మృతుల వయసూ లింగమూ విడదీసి చూస్తే, నడివయసు లోపు పెద్దవాళ్ళలో మగవాళ్ళకంటే ఆడవాళ్ళు ఎన్నో రెట్లు ఎక్కువమంది చనిపోయినట్టు తెలిసింది. ఎందుకంటారు? హెచ్చరిక బజార్లో, నలుగురూ కూడేచోట చెప్పారు. అక్కడ ఉండేది మగవాళ్ళు. ఇంట్లో ఉన్న ఆడమనిషి చెవిన అది ఆలస్యంగా పడింది, కొందరి చెవిన పడనే లేదు. పడినా, భర్త వచ్చేదాకా ఇల్లు వదలి కదలవచ్చో లేదో తెలియదు. చంకలో బిడ్డ, కాళ్ళకు చుట్టుకునే చీర, ఈత రాదు. ఆ తర్వాత బంగ్లాదేశ్‌లో ఇల్లిల్లూ తిరిగి చెప్పడానికి స్త్రీలను కూడా కార్యకర్తలుగా చేర్చుకున్నారు, తుపాను ఆశ్రయాల్లో ఆడవాళ్ళకు విడిగా గదులు పెట్టసాగారు. చూశారా, ‘ఎంతమంది చనిపోయారు’ అని ఊరుకోకుండా ‘ఎవరు చనిపోయారు’ అని ఒక్క ప్రశ్న అదనంగా వేస్తే ఎన్ని ప్రాణాలు దక్కుతాయో!

ఈ చదువును ఆచరణలో చూపించిన ఒక స్త్రీ గురించి చెప్పకుండా ముందుకు పోలేను. ఆవిడ జపాన్ దేశస్థురాలు సదాకో ఒగాతా. 1927లో టోక్యోలో పుట్టారు. ఆవిడ ముత్తాతగారు జపాన్ ప్రధానమంత్రిగా ఉండగా 1932లో సైనికాధికారులు ఆయనను కాల్చి చంపారు. తర్వాత ఆ దేశం ఏ దారిన పోయి యుద్ధంలో చిక్కుకున్నదో మనకు తెలుసు. మా దేశం ఇలా ఎందుకు చేసింది అన్న ప్రశ్నే ఆవిడను ఈ చదువులోకి లాగింది. అమెరికాలో జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంలో అంతర్జాతీయ సంబంధాలు చదివి, 1963లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు తీసుకున్నారు. జపాన్ సైన్యం మంచూరియాలోకి ఎలా చొరబడిందన్నదే ఆవిడ పరిశోధన. పెళ్ళి చేసుకున్నారు, పిల్లల్ని కన్నారు, కాలేజీలో పాఠాలు చెప్పారు. 1968లో, ఇంట్లో చిన్నపిల్లలు ఉండగానే, ఐక్యరాజ్య సమితికి వెళ్ళే జపాన్ బృందంలో సభ్యురాలయ్యారు. 1991లో, తన 63వ ఏట, ఐక్యరాజ్య సమితి కాందిశీకుల సంస్థకు అధిపతి అయ్యారు. ఆ పదవికి వచ్చిన మొదటి స్త్రీ ఆవిడే.

కుర్చీలో సరిగా కూర్చోకముందే పరీక్ష ఎదురైంది. ఇరాక్ సైన్యానికి భయపడి లక్షలాది కుర్దు ప్రజలు కొండల్లోకి పారిపోయారు. ఇరాన్ సరిహద్దు తెరిచింది. టర్కీ మూసింది. నాలుగు లక్షలకు పైగా జనం మంచుకొండల మీద ఇరాక్ వైపే చిక్కుకుపోయారు. చట్టం ప్రకారం కాందిశీకుడంటే దేశం సరిహద్దు దాటినవాడే. వీళ్ళు దాటలేదు. కాబట్టి వీళ్ళను చూడవలసిన పూచీ ఆ సంస్థకు లేదు. మరి ఏం చేయాలి? ఆఫీసులో వాళ్ళు రెండు వైపులా వాదించారు. చివరికి ఒగాతాగారు సరిహద్దుకు ఇవతలే, ఇరాక్ లోపలే వాళ్ళకు సాయం అందించాలని నిర్ణయించారు. నిబంధన మొదట ఎందుకు పుట్టింది? మనిషి ప్రాణం కాపాడడానికి. ఆ నిబంధనే ప్రాణానికి అడ్డం వస్తే ప్రాణంవైపే నిలబడాలని ఆవిడ ఉద్దేశం. దేశం లోపలే కొంపా గోడూ వదిలి పారిపోయినవాళ్ళ గోడు కూడా ప్రపంచం పట్టించుకోవాలన్న ఆలోచనకు ఆ నిర్ణయం బలం ఇచ్చింది.

తర్వాత ఒగాతాగారూ, అమర్త్యసేన్‌గారూ కలిసి మానవ భద్రతా సంఘానికి అధ్యక్షత వహించి, 2003లో ఒక నివేదిక ఇచ్చారు. అందులో రెండు మాటలు ముఖ్యం. ఒకటి రక్షణ, రెండోది సాధికారత. అంటే పైనుంచి ప్రభుత్వం కాపాడాలి, కిందనుంచి మనిషి తన కాళ్ళమీద తాను నిలబడగలగాలి. రెండూ జోడెద్దుల్లా నడవాలి. ఒకటే లాగితే బండి పక్కకు పోతుంది.

దీనికి మన ఇళ్ళ పక్కనే ఉదాహరణ ఉంది. కడప జిల్లా నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఎందరో స్త్రీలు కువైట్ వంటి దేశాలకు ఇంటిపనికి వెళుతుంటారు. పిల్లల్ని తల్లి దగ్గరో అత్త దగ్గరో వదిలి, పరాయి వంటింట్లో పొయ్యి వెలిగిస్తారు. కొందరు అప్పులు తీర్చి ఇల్లు కట్టుకున్నారు. కొందరి పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉండిపోయింది, జీతం రాలేదు, దెబ్బలు మాత్రం తగిలాయి. వీళ్ళను కాపాడాలని మన ప్రభుత్వం, చదువు తక్కువగా ఉండి ముప్ఫై ఏళ్ళు నిండని స్త్రీలు అలాంటి దేశాలకు పనికి వెళ్ళకూడదని నిబంధన పెట్టింది. ఉద్దేశం మంచిదే. కాని ఇంట్లో అప్పు ముప్ఫై ఏళ్ళు నిండేదాకా ఆగుతుందా? చుట్టపు చూపు వీసా మీద, దళారీ చెప్పిన దొంగదారిన వెళ్ళేవాళ్ళు బయలుదేరారు. అలా వెళ్ళిన మనిషి పేరు ఏ రిజిస్టరులోనూ ఉండదు. కష్టం వస్తే ఎంబసీ గుమ్మం ఎక్కడానికి కూడా భయం.

మరి నిబంధన ఎత్తేయాలా, ఉంచాలా? వెళ్ళే ముందు భాష, హక్కులు నేర్పితే సరిపోతుందా? ఆ దేశంలో ఇంటిపనివాళ్ళకు చట్టం లేకపోతే నేర్చుకున్న హక్కులు ఎవరిముందు చెప్పుకోవాలి? ఇంటిపనివారి కోసం 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన ఒడంబడికలో ఎన్ని దేశాలు చేరాయి? ఈ ఎమ్మే తరగతిలో ఇలాంటి ప్రశ్నమీద పిల్లలు నెల రోజులు కుస్తీ పడతారు. చట్టం చదవాలి, లెక్కలు తీయాలి, తిరిగివచ్చిన స్త్రీలతో కూర్చుని వాళ్ళ మాట వినాలి, వాళ్ళ పేరు బయటపడకుండా రాయాలి. చివరికి ఒక పరిశోధన వ్యాసం సమర్పించాలి. ఇదీ చదువు.

ఆడవాళ్ళకు ఈ రంగంలో చోటెక్కడిది అంటారేమో. చోటు అడగకుండా ఎవరూ ఇవ్వలేదు, అడిగినవాళ్ళు మనవాళ్ళే ఉన్నారు. 1948 నాటి విశ్వమానవ హక్కుల ప్రకటన రాసేటప్పుడు, మొదటి అధికరణంలో పురుషులందరూ అని అర్థం వచ్చే ఇంగ్లీషు మాట ఉంటే, దాన్ని మానవులందరూ అని మార్చేదాకా పట్టుబట్టినది మన హంసా మెహతాగారు. 1953లో ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభకు అధ్యక్షురాలైన మొదటి స్త్రీ విజయలక్ష్మీ పండిట్‌గారు. మన విదేశాంగ సర్వీసులో పరీక్ష రాసి చేరిన మొదటి స్త్రీ, కొడగు ప్రాంతానికి చెందిన సి.బి. ముత్తమ్మగారు. ఆవిడ చేరింది 1949లో. అప్పట్లో ఆ సర్వీసులో స్త్రీ పెళ్ళి చేసుకోవాలంటే ప్రభుత్వం అనుమతి తీసుకోవాలి. సంసారంవల్ల పనికి ఆటంకం అనుకుంటే రాజీనామా చేయమనవచ్చు. మగవాళ్ళకు ఈ షరతు లేదు! పదోన్నతి దగ్గర తనకు అన్యాయం జరిగిందని ముత్తమ్మగారు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. కేసు నడుస్తుండగానే ప్రభుత్వం పదోన్నతి ఇచ్చింది, ఆ నిబంధనా తీసేసింది. 1979లో జస్టిస్ కృష్ణయ్యర్‌గారు తీర్పు చెబుతూ, సంసారం ఆడవాళ్ళ ఉద్యోగానికి అడ్డమైతే మగవాళ్ళ ఉద్యోగానికి మాత్రం ఎందుకు కాదన్న అర్థం వచ్చేలా గట్టిగా చీవాట్లు పెట్టారు. 2000 అక్టోబరులో భద్రతా మండలి, శాంతి చర్చల్లో స్త్రీలకు స్థానం ఉండాలంటూ 1325 నంబరు తీర్మానం చేసింది.

ఇంత చెప్పాక దీనిమీద ఉన్న విమర్శలు కూడా చెప్పాలి. అన్నీ భద్రతే అంటే ఇక ఏది ముందు, ఏది వెనక అని కొందరు పండితులు అడుగుతారు. పప్పు ధరా భద్రతే, అణుబాంబూ భద్రతే అయితే మంత్రిగారు దేనిమీద ముందు సంతకం పెట్టాలి? ఇది న్యాయమైన ప్రశ్నే. మరొకటి, మీ ప్రజల్ని కాపాడతామంటూ బలమైన దేశాలు బలహీనమైన దేశాల్లో సైన్యంతో జొరబడవచ్చుగదా అన్న భయం. 2011లో లిబియా సంగతి చూశాక ఈ భయం ఇంకా పెరిగింది. అందుకే 2012లో ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ మానవ భద్రతమీద చేసిన తీర్మానంలో, ఇది బలప్రయోగానికి పేరు కాదని స్పష్టంగా రాసుకున్నారు. చదివేవాళ్ళు ఈ వాదాలు కూడా చదవాలి. ఒక్క వైపే నేర్పే చదువు చదువు కాదు.

సరే, ఇక తల్లులు అడిగే ప్రశ్నలకు వద్దాం.

ఎవరు చేరవచ్చు? ఏ డిగ్రీ అయినా ఫరవాలేదు చాలాచోట్ల. చరిత్ర, ఆర్థికశాస్త్రం, రాజనీతి చదివినవాళ్ళకు సులువు. నర్సింగు, వ్యవసాయం, లా చదివినవాళ్ళు కూడా రాణిస్తారు. మన దేశంలో రెండేళ్ళ కోర్సు. జె.ఎన్.యు. వంటి కేంద్ర విశ్వవిద్యాలయాల్లో ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి, ఫీజు మధ్యతరగతికి అందుబాటులోనే ఉంటుంది. మానవ భద్రత అన్న పేరుతోనే విడిగా చదవాలంటే టోక్యో విశ్వవిద్యాలయంలో 2004 నుంచి అలాంటి కోర్సు ఉంది. 1949 రాజ్యాంగంలోనే సైన్యం వద్దని రాసుకున్న కోస్టారికా దేశంలో, ఐక్యరాజ్య సమితి తీర్మానంతో 1980లో వెలసిన శాంతి విశ్వవిద్యాలయం ఉంది. పేరు లేకపోయినా, శాంతి అధ్యయనాలు, కాందిశీకుల అధ్యయనాలు, విపత్తుల నిర్వహణ అన్నవన్నీ దీని అక్కచెల్లెళ్ళే.

ఖర్చు మాట. ఇక్కడ తొందరపడకండి. అమెరికాలో పేరున్న కొన్ని విశ్వవిద్యాలయాల్లో రెండేళ్ళకు ఫీజూ, బసా, భోజనమూ కలిపితే కోటి రూపాయలు దాటుతుంది. ఈ చదువుకు వచ్చే ఉద్యోగాల జీతం కంప్యూటరు ఉద్యోగాల జీతంలా ఉండదు. ఇల్లు తాకట్టుపెట్టి ఆ అప్పు చేస్తే, మానవ భద్రత చదవడానికి మన ఆర్థిక భద్రత పోగొట్టుకున్నట్టే! జపాన్ ప్రభుత్వం ఇచ్చే ఉపకారవేతనాలు, ఐరోపా వారి ఎరాస్మస్ ముండుస్, బ్రిటన్ వారి చీవెనింగ్ లాంటివి చూడండి. చీవెనింగ్‌కు రెండేళ్ళ ఉద్యోగానుభవం కావాలి. జర్మనీలో చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఫీజు లేదు, తిండి, బస ఖర్చులు మాత్రం చూసుకోవాలి.

ఉద్యోగాలా? ఉన్నదున్నట్టు చెబుతాను. ఈ ఎమ్మే చదవగానే రాయబారి అయిపోరు. విదేశాంగ సర్వీసుకు యు.పి.ఎస్.సి. పరీక్ష రాయాలి, దానికి ఏ డిగ్రీ అయినా చాలు. ఐక్యరాజ్య సమితిలో యువ ఉద్యోగుల పరీక్షకు వయసు పరిమితి ఉంది, అదీ ఆ ఏడు జాబితాలో ఉన్న దేశాలవాళ్ళకే. ఆ సమితి సచివాలయంలో శిక్షణ కోసం చేరితే జీతం ఉండదు, న్యూయార్కులో గది అద్దె మాత్రం ఉంటుంది. మరి ఎక్కడ పనిచేస్తారు? విపత్తుల నిర్వహణ సంస్థల్లో, స్వచ్ఛంద సంస్థల్లో, పరిశోధనా కేంద్రాల్లో, పత్రికల్లో, వలసకార్మికుల సహాయ కేంద్రాల్లో, నెట్ పరీక్ష రాసి కాలేజీల్లో. మందుపాతరల నిషేధం కోసం ఉద్యమం నడిపి 1997లో నోబెల్ శాంతి బహుమతి పంచుకున్న జోడీ విలియమ్స్ కూడా ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుంటూనే ఈ చదువులోకి వచ్చి, 1984లో అంతర్జాతీయ సంబంధాల్లో ఎమ్మే చేసినావిడే. అమ్మాయికి చెప్పవలసింది ఏమిటంటే, ఎమ్మేతోపాటు చేతిలో మరో విద్య ఉండాలి. లెక్కలు విశ్లేషించడం గాని, ఫ్రెంచి, అరబ్బీ వంటి భాష గాని, చట్టం గాని. అది ఉన్నవాళ్ళకు పని దొరకడం సులువు.

చివరగా మీ సంగతి. పిల్లలు పెద్దవాళ్ళయి, మధ్యాహ్నాలు ఖాళీ అవుతున్న సోదరీమణులు చాలామంది ఉన్నారు. 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మన హైదరాబాదులోనే పుట్టింది. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది. ఇంట్లో ఉండే రాజనీతి శాస్త్రంలో ఎమ్మే చేయవచ్చు. అందులో అంతర్జాతీయ సంబంధాలు ఒక ముఖ్య భాగం. ఇందిరాగాంధీ విశ్వవిద్యాలయంలో గాంధీ, శాంతి అధ్యయనాల్లో ఎమ్మే కూడా ఉంది. వయసు అడ్డు కాదు. ఉద్యోగం వస్తుందా రాదా అన్నది అలా ఉంచండి. మీ వీధిలో పనిచేసే అమ్మాయి గల్ఫుకు వెళతానని వచ్చి చెబితే, ‘వద్దులేవే’ అని ఊరుకోకుండా, ఆ ఏజెంటుకు లైసెన్సుందా, కాగితం మీద జీతం ఎంత రాశారు, పాస్‌పోర్టు నకలు ఇంట్లో పెట్టావా, ఎంబసీ నంబరు రాసుకున్నావా అని నాలుగు ప్రశ్నలు అడగగలిగితే, ఆ చదువు ఆ పూటే ఫలించినట్టు.

అమ్మమ్మగారికి ఇప్పుడు జవాబు చెప్పవచ్చు. దేశాల గొడవల ఖర్చు చివరికి వచ్చిపడేది మన వంటింట్లోనే. వేల మైళ్ళ దూరంలో యుద్ధం వస్తే ఇక్కడ నూనె ధర పెరుగుతుంది. ఎక్కడో చేసిన చట్టం మన ఊరి పిల్ల జీతాన్ని నిర్ణయిస్తుంది. బిల్లు కట్టేవాళ్ళం మనమే అయినప్పుడు లెక్క చూసే హక్కు కూడా మనదే కదా! మీ అమ్మాయి ఆ లెక్క చూడడం నేర్చుకుంటానంటే, ఖర్చు విషయం జాగ్రత్తగా ఆలోచించండి, ఉపకారవేతనాల కోసం కలిసి వెదకండి, పక్కన ఇంకొక విద్య నేర్చుకోమనండి. వద్దని మాత్రం అనకండి.